తలుపు కింద ఎర్ర గీత

మా ఇంట్లో ఒక రూలుంది. మూసిన తలుపు ఏదైనా సరే, రెండుసార్లు తట్టి ఆగాలి. లోపల్నుంచి "రా" అంటే వెళ్ళాలి, "ఆగు" అంటే ఆగాలి. అసలు జవాబే రాకపోతే ఇంకా బుద్ధిగా ఆగాలి, ఎందుకంటే జవాబు రాలేదంటే నాన్న లెక్కలో ఉన్నట్టు.

నాన్న ఫొటోలు కడుగుతాడు. ఈ రోజుల్లో ఇంకా ఎవరు కడిగిస్తున్నారు అంటారేమో, ఉన్నారు, పాత కెమెరాలు బీరువాల్లోంచి దులిపి తీసి మళ్ళీ రీలు వేస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మా ఇంట్లో వెనక గది నాన్నది. కిటికీకి రేకు కొట్టేశాడు, తలుపు అంచులకి నల్లగుడ్డ అంటించాడు. మధ్యాహ్నం రెండింటికి లోపలికెళ్ళి తలుపేసుకుంటే మన చెయ్యి మనకే కనపడదు. బొమ్మ కాగితం మీదకి తెచ్చేటప్పుడు మాత్రం ఒక చిన్న ఎర్ర బల్బు వేస్తాడు, ఆ వెలుగు కాగితాన్ని ఏమీ చెయ్యదట. మందునీళ్ళలో కాగితం ఎన్ని సెకన్లుండాలో నోట్లోనే గొణుక్కుంటూ లెక్కపెడతాడు. గోడకి గడియారముంది కానీ నమ్మడు. "గడియారానికి బొమ్మ మీద ప్రేమేముంటుందే?" అంటాడు. మధ్యలో మాట్లాడితే లెక్క పోతుంది. అందుకే జవాబు ఇవ్వడు.

నాకు ఆరేళ్ళప్పుడు తట్టకుండా దూరి తెల్లలైటు వేసేశా. ఎవరిదో పెళ్ళి, రీలుకి రీలు నల్లగా మాడిపోయింది. పాపం నాన్న వాళ్ళింటికెళ్ళి ఎలా చెప్పుకున్నాడో ఇప్పటికీ తెలీదు. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు బల్బు. బడిలో పెట్టిన పేరు రిపోర్టు కార్డు వచ్చినప్పుడే గుర్తొచ్చేది.

అమ్మకి తలలో గడ్డ అని తేలాక మొదట పోయింది వెలుగు. అంటే చూపు కాదు, చూపు బాగానే ఉంది, వెలుగు పడేది కాదు. కిటికీ పరదా కాస్త కదిలినా కళ్ళల్లో సూదులు పెట్టి తిప్పుతున్నట్టుంది అనేది. రెండు దుప్పట్లు అడ్డం కట్టాం, చాల్లేదు. ఒక రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నాన్న తన ట్రేలూ సీసాలూ అన్నీ బయట వరండాలో పెట్టేసి, అమ్మ మంచం వెనక గదిలో వేసేశాడు. ఇరవైయేళ్ళ పని ఒక్క పూటలో బయట పడేశాడు.

గదిలో ఆ మందుల పుల్లటి వాసన ఇంకా పోలేదు. అమ్మ ఒకటే నవ్వు.

"చూశావటే బల్బూ, మీ నాన్న నన్ను కూడా కడిగి క్లిప్పు పెట్టి ఆరేసేలా ఉన్నాడు."

"బొమ్మ బాగా వస్తే ఆరేస్తా," అన్నాడు నాన్న. "చూద్దాం."

ఆ చీకట్లో నాన్న ఎంత తేలిగ్గా తిరిగేవాడో చెప్పలేను. గ్లాసు అందించడం, మాత్ర నోట్లో పెట్టడం, నుదుటి మీద తడిగుడ్డ వెయ్యడం, అన్నీ చేతులతోనే. చొక్కాకి ఒక్క చుక్క ఒలికేది కాదు. దుప్పటి మార్చేటప్పుడు మాత్రం ఎర్ర బల్బు వేసేవాడు, దాని స్విచ్చికో పొడుగు తాడు కట్టి మంచం దాకా లాగాడు. ఆ బల్బు వెలిగినప్పుడు తలుపు కింద చెక్క అరిగినచోట వేలెడు ఎర్ర గీత కనపడేది. మా నడవా ఎప్పుడూ మసకే కాబట్టి బాగా తెలిసేది. గీత కనపడిందంటే నాన్న లోపల అమ్మ పనిలో ఉన్నాడు, వెళ్ళకూడదు. గీత లేదంటే అమ్మ ఒక్కతే ఉంది, తట్టి వెళ్ళొచ్చు. ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయిందంతే.

నాకేమో ఆ గది నచ్చలేదు. అసలు నచ్చలేదు! నేను చర్చిలో యూత్ లీడర్ని, పాస్టరుగారు ఆదివారం సాయంత్రం ఆరాధనలో వెలుగు గురించి మాట్లాడమన్నారు, పదకొండు పేజీలు రాసుకున్నా. చీకటంటే పాపం, చీకటంటే భయం, చీకటంటే దేవుడు లేని చోటు, మనం వెలుగు పిల్లలం. ఇన్ని రాసుకున్నదాన్ని, మా అమ్మే చీకట్లో పడుంటే ఊరుకుంటానా? అమ్మ విశ్వాసం తగ్గిపోతోంది అనుకున్నా. నిజంగానే అనుకున్నా. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అనుకున్నా.

ఒక శనివారం పొద్దున యూత్ వాళ్ళం ఆరుగురం వచ్చాం ప్రార్థన చెయ్యడానికి. తట్టలేదు. తలుపు బార్లా తీసి, "అమ్మా, వెలుగొచ్చేసింది!" అని అరిచి తెల్లలైటు వేసేశా.

అమ్మ కేక ఇప్పటికీ వినపడుతుంది. రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని గోడ వైపు తిరిగి వాంతి చేసుకుంది. మావాళ్ళు పాటల పుస్తకాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాన్న పరిగెత్తుకొచ్చి లైటు ఆర్పి, అందర్నీ బయటికి పంపి, తలుపేసి, నన్ను నడవాలో నిలబెట్టాడు. తిడతాడేమో అనుకున్నా, తిట్టినా బాగుండేది.

"తట్టు," అన్నాడు. "జవాబొస్తేనే తియ్యి. రాకపోతే ఆగు. ఇంక నేనేమీ అడగను తల్లీ నిన్ను. ఇదొక్కటి."

సరే అన్నా.

ఆ రోజు మధ్యాహ్నం తట్టా. "రావే" అంది అమ్మ. తడుముకుంటూ వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చున్నా. అమ్మ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా జడ పట్టుకుంది.

"తలకి నూనె పెట్టి ఎన్నాళ్ళయిందే? తాటిపీచులా ఉంది."

"సారీ అమ్మా."

"నూనె పెట్టనందుకా, లైటేసినందుకా?"

నాకు ఏడుపాగలేదు. కాసేపు ఏడవనిచ్చి, "ఏదీ, ఆ ప్రసంగం చెప్పు వింటా," అంది. చీకట్లో కాగితాలు కనపడవుగా, గుర్తున్నంత చెప్పా. మొత్తం విని అమ్మ అంది కదా:

"ప్రభువు సిలువ మీదున్నప్పుడు మిట్టమధ్యాహ్నం చీకటి పడింది. గుర్తుందా?"

"ఆఁ, మూడు గంటలు."

"ఆ మూడు గంటలూ ఆయన ఏం చేశాడు?"

"ఏం చేశాడు?" అన్నా.

"ఏం చేస్తాడే, ఉన్నాడు. అంతే. లైటెయ్యండ్రా అనలేదు." నవ్వింది, నవ్వితే తల నొప్పి కదా, ఆగిపోయింది. "చిన్నప్పట్నుంచీ నాకు వెలుగులో ఉన్న ప్రభువే తెలుసు. పాటలు పాడాం, చప్పట్లు కొట్టాం. చీకట్లో ఆయన ఎలా ఉంటాడో ఇప్పుడే తెలుస్తోంది. పెద్దగా మాట్లాడడు. మీ నాన్న టైపే."

"భయమెయ్యదా అమ్మా?"

నా జడ గట్టిగా పట్టుకుంది.

"ఎవరో ఒకళ్ళు పక్కనుంటే వెయ్యదు. ఒక్కదాన్నే ఉంటే వేస్తుంది. ఆ టైమొచ్చినప్పుడు నన్ను ఒక్కదాన్నే వదిలెయ్యకండే. వెలుగు లేకపోయినా పర్లేదు."

"వదలనమ్మా, ఒట్టు."

"ఒట్లు పెట్టకూడదే! నువ్వేం యూత్ లీడరువే!"

ఆ పదకొండు పేజీలూ చింపేశా. ఆ మూడు గంటల గురించి కొత్తగా రాయడం మొదలుపెట్టా. అమ్మకి చూపించాలి, అంటే వినిపించాలి. తొందరగా, తొందరగా!

మర్నాడే ఆదివారం. మధ్యాహ్నం చర్చిలో ప్రాక్టీసు. పాట చివర్లో లైట్లన్నీ ఆర్పేసి అందరం ఒకేసారి ఫోన్ టార్చిలు వెయ్యాలి, అది ముందే నేనిచ్చిన ఐడియా. ఒకడు ముందేస్తాడు, ఒకతి వెనకేస్తుంది, పదిసార్లు చేయించా. నాలుగింటికల్లా ఇంటికొచ్చా. బయట వాన. ప్రసంగం చేతిలో ఉంది, ఇంక అమ్మకి చదవడమే.

వెనక గది తలుపు మూసుంది. నాన్న చెప్పులు గుమ్మం దగ్గర, ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. తలుపు కింద ఎర్ర గీత.

రెండుసార్లు తట్టా.

జవాబు లేదు.

చెవి పెట్టా. లోపల్నుంచి సన్నగా గొణుగుడు. నాన్న లెక్కపెడుతున్నాడు అనుకున్నా, మందు చుక్కలేమో. సరే, ఆగుదాం. ఎంత బుద్ధిమంతురాల్నో చూడండి! మళ్ళీ తట్టను కూడా తట్టలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, ప్రసంగం తీసి, పెదాలు కదుపుతూ చదువుకున్నా. గొణుగుడు ఎప్పుడాగిందో తెలీదు. ఒకచోట వాక్యం బాలేదని కొట్టేసి మళ్ళీ రాశా. ఆ గీత వెలుగులోనే రాశా, కాగితం నేలమీద పెట్టి, ఆ వేలెడు ఎర్రటి వెలుగులో.

నలభై నిమిషాలు.

వీధి తలుపు చప్పుడైంది. నాన్న లోపలికొచ్చాడు. కాళ్ళకి బూట్లు, వాన అని. చేతిలో మందుల సంచీ, నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇక్కడ కూర్చున్నావేంటే? అమ్మ దగ్గరెవరున్నారు?"

"నువ్వు," అన్నా.

ఆ మాట అన్నాక మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం ఎంతసేపు చూసుకున్నామో. ఒక్క క్షణమే అయ్యుంటుంది.

నాన్న తట్టలేదు. తోసేశాడు.

అమ్మ తలుపు వైపు తిరిగి ఉంది. ఎప్పుడూ గోడ వైపు పడుకునేది. కుడిచెయ్యి మంచం బయటికి చాచి ఉంది, బల్బు తాడు వేళ్ళకి రెండు చుట్లు తిరిగి ఉంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వెచ్చగా! నేను ఆ వెచ్చదనానికి అడుగున్నర దూరంలో కూర్చుని వాక్యాలు దిద్దుకుంటున్నా.

నాన్న తర్వాత చెప్పాడు. అమ్మ నిద్రపోతోందట, మాత్రలైపోయాయట. నాలుగింటికల్లా నేను వచ్చేస్తాగా అని పదినిమిషాల ముందు బయల్దేరాడు. షాపులో జనం, వాన. బల్బు వచ్చేసుంటుంది, అమ్మ దగ్గరే ఉంటుంది అనుకుంటూ నిలబడ్డాడట. అంటే అమ్మ దగ్గర నేనున్నానని ఆయనా, ఆయనున్నాడని నేనూ. మధ్యలో అమ్మ.

పాతిపెట్టిన రోజు పాస్టరుగారు మంచిగానే మాట్లాడారు. మన సహోదరి చీకటి గదిలోంచి నిత్యమైన వెలుగులోకి వెళ్ళిందన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయా. నాకు తెలిసిందల్లా ఒకటే, మా అమ్మ చీకట్లో ఒక వెలుగు వెలిగించింది. తన కళ్ళల్లో సూదులు దిగుతాయని తెలిసి కూడా వెలిగించింది. ఆ వెలుగు తలుపు కిందనుంచి నా కాళ్ళ దాకా వచ్చింది. నేను దాన్ని చూసి, ఆగమంటోంది అనుకున్నా. వెలుగు గురించి ప్రసంగం రాసేదాన్ని!

"పిలవడానికే వేసిందా నాన్నా?" వారం రోజులు అదే అడిగా.

వేరే ఎవరైనా అయితే కాదమ్మా అనేవాళ్ళు. నాన్న అబద్ధమాడడు. "తెలీదు తల్లీ."

"ప్రార్థన చేసుకుంటోందా? ఆ గొణుగుడు?"

"తెలీదు."

"ఒక్కతే ఉందా?"

ఈసారి తెలీదు అనలేదు. "మనం లేం," అన్నాడు. "అంతవరకే తెలుసు."

నేను ప్రార్థన మానలేదు. మానితే అమ్మ ఊరుకోదు. కానీ మోకాళ్ళేసినప్పుడల్లా మూసిన తలుపు ముందున్నట్టే ఉంటుంది. తడతాను. జవాబు రాదు. మా ఇంటి లెక్క ప్రకారం జవాబు రాలేదంటే లోపల పని జరుగుతున్నట్టు, ఏదో బొమ్మ వస్తున్నట్టు. ఇన్నేళ్ళూ అలాగే నమ్మా. ఇప్పుడు ఆ నిశ్శబ్దం వింటే, లోపల ఎవరైనా చెయ్యి చాచి ఉన్నారేమో అనిపిస్తుంది.

నెల తర్వాత నాన్న ట్రేలు మళ్ళీ వెనక గదిలోకి మార్చాడు. నిన్న మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి తలుపు కింద ఎర్ర గీత ఉంది. గుమ్మం దగ్గర చెప్పులున్నాయి. లోపల గొణుగుడు.

తట్టడానికి చెయ్యెత్తా. చెయ్యి తలుపుదాకా పోలేదు. గడియ మీద పడింది, తోసేశా. నా వెనక తీసే ఉన్న వీధి తలుపులోంచి పగటి వెలుగు అంతా గదిలోకి పడింది. ట్రేలో తేలుతున్న కాగితం మీద అప్పుడే అమ్మ నుదురు, ముక్కు, నవ్వబోతున్న పెదవి, చూస్తుండగానే మొత్తం నల్లగా మూసుకుపోయింది.

"బల్బువా?" అన్నాడు నాన్న.

"ఊఁ."

"తలుపెయ్యి."

వేశా. ఇద్దరం ఆ నల్లటి కాగితం చూస్తూ నిలబడ్డాం.

"తట్టలేను నాన్నా ఇంక."

"తట్టొద్దు," అన్నాడు. "ఇంక ఈ ఇంట్లో ఎవరూ తట్టొద్దు. కాగితాలు పోతే పోయాయి." చేత్తో ట్రేలో నీళ్ళు కదిపాడు. "ఇందులో కూడా మీ అమ్మ ఉంది తెలుసా. వెలుగు మరీ ఎక్కువ పడింది, అందుకే కనపడట్లేదు."

తర్వాత ఇంకో కాగితం తీశాడు. రీలులోంచి బొమ్మ వెలుగు దానిమీద పడనిచ్చి, ట్రేలో వెయ్యబోయి ఆగాడు. అప్పుడు చూశా, మూల చెత్తబుట్టలో నల్లబడ్డవి అరడజను. అవి నేను పాడుచేసినవి కావు.

"పదమూడు దాకా వెళ్ళి లెక్క మర్చిపోతున్నా," అన్నాడు. "నువ్వు పెట్టవే."

కాగితం నీళ్ళలోకి జారింది. ఒకటి అన్నా. రెండు అన్నా. నాన్నలాగా నోట్లో కాదు. గట్టిగా, గొంతు పగిలేలా లెక్కపెట్టా, తలుపుకి అటుపక్క ఎవరున్నా వినపడేలా.