మొదటి గ్లాసు

మా జ్యూస్ కొట్లో పొద్దున మొదటి గ్లాసు అమ్మకానికి కాదు. అది మామయ్యది. ఆయన స్టూలు మీద కూర్చుని, ఒక గుక్క పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, మింగి, ఇక గ్లాసుల్లో "పొయ్యొచ్చు" అంటేనే ఆ రోజుకు కొట్టు తెరిచినట్టు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. కొట్టు పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా ఉంటుంది. "మన రసం తాగేవాళ్ళలో సగంమంది మంచాన ఉన్నవాళ్ళే. ముందు మన కడుపులో పడాలి, తర్వాతే వాళ్ళ కడుపులో" అంటారు మామయ్య.

నేను కోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. మా ఆయన బస్సు నడుపుతాడు, పండు ముట్టుకోమంటే పారిపోతాడు. అందుకని పని నా నెత్తిన పడింది. కమలాపండును రంగు చూసి కాదు, బరువు చూసి ఏరాలి. పిండేటప్పుడు గింజ నలగకూడదు, నలిగితే చేదు. తీసిన రసాన్ని గాజుసీసాలో మూతిదాకా నింపి ఐసులో పెట్టాలి, వెలితి ఉంచితే ఆ గాలికే రుచి పోతుంది. మధ్యాహ్నం దాటితే ఎంత ఐసులో ఉన్నా పారబోయడమే. ఇవన్నీ మామయ్య నేర్పారు, తిట్టి మరీ నేర్పారు. మొదటి ఏడాది నా చేతి రసానికి ఆయన "పొయ్యొచ్చు" అన్నది పట్టుమని పది రోజులు కూడా ఉండదు. ఆ ఒక్క మాట కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు.

ఇక పక్క మందుల షాపులో అమ్మే అట్టడబ్బా రసమంటే ఆయనకు ఒళ్ళు మంట. "అది ఆర్నెల్లయినా అలాగే ఉంటుందట. నేనే ఉండలేను ఆర్నెల్లు ఒకేలాగా" అనేవారు. అది ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు.

పోయిన చలికాలం మామయ్యకు పెద్ద జ్వరం వచ్చింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. తగ్గాక మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నారు, మొదటి గ్లాసు తాగారు, "పొయ్యొచ్చు" అన్నారు. ఆ మర్నాడూ అంతే. నెల రోజులపాటు ఒక్క తిట్టు లేదు, ఒక్క వంక లేదు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఇన్నాళ్ళకు నా చెయ్యి తిరిగింది కాబోలు అనుకున్నాను.

ఒక రోజు ఫ్రిజ్ తుడుస్తుంటే కూరగాయల అరలో, ఆకుకూర కట్టల కింద అట్టడబ్బా కనిపించింది. కమలా రసమే. మూత తీసి ఉంది, సగం ఖాళీ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ నేను తడిగుడ్డతో పట్టేశాను. మా ఆయన ఊళ్ళో లేడు, మిగిలింది మామయ్యే. నాకు ఒళ్ళు భగ్గుమంది. కొట్లో నా రసానికి తలూపి, ఇంట్లో దొంగచాటుగా డబ్బా తాగుతున్నారన్నమాట. నా చెయ్యి బాగాలేదని మొహాన చెప్పలేక ఇదొక ఎత్తు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే కదా.

అడగలేదు. రెండు రోజులు గిన్నెలతో మాట్లాడాను. మామయ్య ఒకటి రెండుసార్లు "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అన్నారు. "బాగానే ఉంది" అన్నాను, ఎంత బాగాలేదో తెలిసేటట్టు.

మూడో రోజు కూడా ఆ కోపంతోనే పిండాను. మామయ్య తాగి "పొయ్యొచ్చు" అన్నారు. రోజూ డ్యూటీకి వెళ్తూ మా దగ్గర ఆగే నర్సమ్మ ఒక గుక్క తాగి గ్లాసు దించింది.

"అక్కా, ఇవాళ చేదుగా ఉందేంటి? మా వార్డులో ఒకామెకి తీసుకెళ్దామనుకున్నా."

నేను నోట్లో పోసుకున్నాను. వేపాకు నమిలినట్టుంది. గింజలన్నీ నలిపేశాను. తీసిందంతా తూములో పారబోశాను. మామయ్య వైపు చూస్తే ఆయన నేలను చూస్తున్నారు. కాసేపటికి లేచి, కొట్టు వెనక ఉన్న మా ఇంట్లోకి వెళ్ళిపోయారు.

మళ్ళీ పిండి, వచ్చినవాళ్ళకు పోసి, లోపలికి వెళ్ళాను. అడిగేద్దామనే వెళ్ళాను. వంటగది గుమ్మంలో ఆగిపోయాను. మామయ్య బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా రెండు స్టీలు గ్లాసులు, పక్కన అట్టడబ్బా, మా కొట్టు రసం సీసా. ఒక గ్లాసు అడుగున రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, గ్లాసులు పైఅంచు పట్టుకుని అటూ ఇటూ మార్చారు. ఒకటి తాగారు, రెండోది తాగారు. మళ్ళీ మొదటిది. "ఇది మనది" అని పైకే అన్నారు. అప్పుడు వేలితో అడుగున తడిమారు. రబ్బరు బ్యాండు తగిలింది. డబ్బా రసం.

ఆయన కళ్ళు తెరిచేసరికి నేను ఎదురుగా ఉన్నాను.

"ఎప్పట్నుంచి మామయ్యా?"

"జ్వరం తగ్గినప్పట్నుంచి" అన్నారు. "వాసనా లేదు, రుచీ లేదు. డాక్టరు వస్తుందిలే అన్నాడు. డబ్బా రసం రోజూ ఒకేలా ఉంటుంది కదా. దానికీ మనదానికీ తేడా తెలిసిన రోజున నాలుక తిరిగొచ్చినట్టని... రోజూ చూసుకుంటున్నా."

"మరి నెల రోజులు పొయ్యొచ్చని ఎలా అన్నారు?"

"నీ మొహం చూసి. వడగట్టాక వేలితో ఓ చుక్క నాలిక్కి రాసుకుంటావు. బాగోకపోతే నీ ఎడం కనుబొమ పైకెళ్తుంది. తొమ్మిదేళ్ళ నుంచీ చూస్తున్నా. ఈ నెలంతా ఒక్కసారి కూడా లేవలేదది. కానీ మొన్నట్నుంచి రెండు కనుబొమలూ పైనే ఉన్నాయి, నాకేం పాలుపోలేదు. ఇవాళ నువ్వసలు చుక్కే చూడలేదు. అయినా అనేశాను." రబ్బరు బ్యాండు గ్లాసును పక్కకు నెట్టారు. "మంచాన ఉన్న మనిషికి చేదు పంపబోయాను. రేపట్నుంచి నేను కొట్లోకి రానమ్మా."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఈయన నాలుక కోసం వెతుక్కుంటుంటే నేను గిన్నెలు ఎత్తి పడేశాను. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఆ నిమిషంలోనే తెలిసింది. చెప్పడం చేతకాక కసురుకున్నాను.

"రాకపోతే పళ్ళు ఎవరు ఏరతారు? నేనా? రంగు చూసి మోసపోయే మొహం నాది."

సాయంత్రం మందుల షాపుకు వెళ్ళి నేనే కొత్త డబ్బా కొన్నాను. "ఏంటమ్మా, మీ కొట్లో సరుకైపోయిందా" అని షాపాయన నవ్వాడు. నవ్వుకోనీ. దాన్ని ఫ్రిజ్‌లో ముందు వరసలో, ఎవరికైనా కనబడేలా పెట్టాను.

తెల్లవారి పళ్ళ బండి వచ్చింది. మామయ్య రానన్నవారే వచ్చారు, కానీ స్టూలు దగ్గరికి పోలేదు. నేను నిగనిగలాడే పెద్ద పండొకటి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఒకసారి ఎగరేసి పట్టుకుని "బెండు" అని పక్కన పడేశారు. కోసి చూస్తే లోపల అంతా ఎండిపోయిన తొనలే. ఆయన చేతికి ఏ జ్వరమూ రాలేదు. బుట్ట నిండా ఆయనే ఏరారు.

పిండాను. గింజ నలగకుండా, ఆయన నేర్పినట్టే. మొదటి గ్లాసు నింపి స్టూలు చూపించాను. ఆయన కూర్చున్నారు గానీ గ్లాసు అందుకోలేదు. అప్పటికే నర్సమ్మ వచ్చి నిలబడింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు.

నేనే ఒక గుక్క పుక్కిట పట్టి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మామయ్య నా ఎడం కనుబొమ వంక చూస్తున్నారు. తొమ్మిదేళ్ళు ఆ మాట వినడానికే బతికాను, అనాల్సి వస్తుందనుకోలేదు.

"పొయ్యొచ్చు మామయ్యా."

మిగిలిన రసంతో గ్లాసు ఆయన చేతికిచ్చాను. ఆయన పెదాల దాకా తెచ్చి ఆగారు.

"ఎలా ఉందమ్మా?" అని నాకు మాత్రమే వినబడేలా అడిగారు.

"ముందు కాస్త పులుపు తగుల్తుంది" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఒక గుక్క తీసుకున్నారు. "తర్వాత తీపి. నాలుక చివర కాదు, వెనకాల. గొంతులోకి దిగాక తొక్క వాసన కొంచెం మిగుల్తుంది."

నేను చెబుతున్నంతసేపూ ఆయన ఒక్కొక్క గుక్కే మింగారు. నర్సమ్మకు డ్యూటీ టైమైపోతోంది. అయినా నేను తొందరపడలేదు, గ్లాసు అడుగుదాకా చెప్పాను.