పదమూడో బండ

పదమూడో బండ సందు మధ్యలో మొరాయించింది.

"లాగండ్రా! అన్నం తినలేదా?" అంది చీమ.

"లేదు," అన్నాడు బొండాం.

పిల్లలంతా నవ్వారు. మళ్లీ తాడు పట్టారు. ఏడుగురిలో పెద్దది చీమే, దానికి పదకొండేళ్లు. ఆ బండ వాళ్లమ్మ బట్టలుతుక్కునేది.

సందు పొడవునా మురుగు కాలువ. నడుం లోతు, మీద మూత లేదు. పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం, కాలువేదో నేలేదో తెలియకుండా నీళ్లు నిండినప్పుడు, చీమ తమ్ముడు అందులో కాలేశాడు. నాలుగేళ్లవాడు. వీధి చివర దొరికాడు. అర్జీలు పెట్టి పెట్టి పెద్దవాళ్లు అలిసిపోయారు. పిల్లలు కాలువ మూయడానికి ఇంటింటికీ తిరిగి ఉతికే బండలు అడిగారు.

"నేలమీద ఉతుక్కో పిన్నీ. నాలుగు రోజులు నడుం లాగుతుంది, అంతేగా!"

పన్నెండు ఇళ్లు ఇచ్చాయి. చీమ వాళ్లమ్మ ఇవ్వలేదు. పిల్లాడికి ఆ బండమీదే నీళ్లు పోసేది. ఈ ఉదయం మాత్రం బండమీది సబ్బుముక్క తీసి పక్కన పెట్టింది.

ఇక మిగిలింది ఒక్క కంత. వాడు పడింది అక్కడే. సందులో ఆడవాళ్లంతా పనిచేసే రంగుల అద్దకం షెడ్డు గొట్టం ఆ చోటే కాలువలోకి పొడుచుకొచ్చి ఉంది. రెండు రోజులుగా దాన్లోంచి చుక్క రాలేదు. మోటారు కాలిపోయింది, షెడ్డు ఇక తెరవరట అని సందంతా గుసగుసలు. పిల్లలు నిజమే అనుకున్నారు. గొట్టం మూతిలో గోనెలు కుక్కి, రాళ్లు పేర్చి, బండ కూర్చోబెట్టారు. బొండాం ఎక్కి గెంతాడు. బండ కదల్లేదు.

సరిగ్గా అప్పుడే షెడ్డులో మోటారు గుర్రుమంది.

అరుగులమీద దిగాలుగా కూర్చున్న ఆడవాళ్లంతా షెడ్డులోకి పరుగెత్తారు. పావుగంట గడవకముందే మేస్త్రీ బయటికొచ్చాడు, చీలమండల దాకా నీలం రంగుతో. అతని వెనకే ఆడవాళ్లు.

"గొట్టం మూసిందెవర్రా? తొట్లన్నీ పొంగుతున్నాయి!"

"పాడైందనుకున్నాం మేస్త్రీగారూ," అంది చీమ. "గోనె తీసేస్తాం. బండ కాస్త ఇవతలికి జరుపుతాం. గొట్టానికి దారుంటుంది, కాలువకి మూతుంటుంది."

"కుదరదు. వారానికోసారి మా మనిషి దిగి గొట్టం పొడిచి శుభ్రం చేయాలి. ప్రతిసారీ బండలెత్తుకుంటూ కూర్చోమంటావా? ఇక్కడ తెరిచే ఉండాలి."

"మా తమ్ముడు..."

"తెలుసులే. చూసుకుని నడవండి."

అతను చీమ తల్లి వైపు తిరిగాడు. "నీ కూతురేగా? నీ బండేగా? ఎత్తు. లేదంటే రేపట్నుంచి నువ్వే కాదు, ఈ సందు మనుషులెవరూ పనిలోకి రానక్కర్లేదు."

రోజుకు రెండు వందల ఎనభై. రెండు రోజుల కూలి ఇప్పటికే పోయింది. ఈ సందుకు వేరే పని లేదు. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

"ఎత్తేయ్ వదినా," అంది పక్కింటావిడ. "మా ఇంట్లో పొయ్యి వెలగొద్దా?"

చీమ బండెక్కి నిలబడింది. "అమ్మా, వద్దే!"

"దిగవే."

"దిగను."

"దిగమన్నానా!"

చీమ దిగింది. తల్లి వంగింది. మోచేతుల దాకా నీలం పట్టిన చేతులు బండ అంచు కిందికి పోయాయి. మేస్త్రీ అప్పుడే వెనక్కి తిరిగాడు, పని అయిపోయినట్టే.

ఆ చేతులు అక్కడే ఆగాయి. తర్వాత బయటికొచ్చాయి. ఆమె పైటచెంగుతో బండమీది మట్టి తుడిచింది. తుడిచి, దానిమీదే కూర్చుంది.

"గోనె పిల్లలు తీస్తారు," అంది. "బండ నేనెత్తను."

"ఏంటీ?"

ఆమె అతనివైపు చూడలేదు. "చీమా, బట్టల మూట తీసుకురా. ఉతకాల్సినవి చాలా ఉన్నాయి."

షెడ్డు గడప దాటి నీలం నీళ్లు సందులోకి పాకాయి. పక్కింటావిడ పాదాలు తడిశాయి. ఆమె షెడ్డులోకి పోలేదు. బండ దగ్గరికీ రాలేదు.

బండమీద తొలి చినుకు పడింది.