సాక్షి నిలబడిన చోటు

ఐదేళ్ల లా కోర్సు అయింది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదై నల్లకోటూ వచ్చింది. అయినా కోర్టులో నోరు విప్పే అవసరం ఆస్మాకు ఇంకా రాలేదు. బార్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ, బెజవాడలో ఉషశ్రీ గారి దగ్గర జూనియర్‌గా చేరింది. వాయిదాలు రాసుకోవడం, ఫైళ్లు మోయడం, వెనక బెంచీలో కూర్చుని వినడం, ఇదే పని. చదువయ్యాక ఇంకా నేర్చుకునేదేముంటుందని భవానీపురంలో తండ్రి అఫ్జల్ అడుగుతుండేవాడు. ఆమెకూ అదే తెలుసుకోవాలని ఉండేది.

ఆ చలికాలంలో ఉయ్యూరు దగ్గరి సొలొమోను దావా విచారణకొచ్చింది. పక్క పొలంవాళ్లు సరిహద్దు రాయి జరిపారని ఆయన ఫిర్యాదు. వాళ్లు రాయి పీకుతుంటే కాలవగట్టు మీంచి చూశానని ఆయన బావమరిది ఆమోసు సాక్ష్యం చెప్పాలి. ఆ వాంగ్మూలం టైపు చేస్తుంటే ఆస్మాకు సందేహమొచ్చింది. గట్టు మీద నిలబడితే అసలేం కనిపిస్తుంది? మేడమ్‌ని అడిగింది.

"నాకూ తెలీదు. వెళ్లి చూసిరా" అన్నారు ఉషశ్రీ.

శనివారం ఆస్మా ఉయ్యూరు బస్సెక్కింది. ఆమోసు ఆమెను గట్టు మీదికి తీసుకెళ్లి, తను నిలబడిన చోటు చూపించాడు. ఎదురుగా చెరుకు మనిషిని మించి పెరిగి ఉంది. దాని అవతల కొబ్బరిచెట్ల తలలు తప్ప పొలం ఏమాత్రం కనబడలేదు. రాయి పీకిందీ పోయినేడు ఇదే నెలలో. అప్పుడూ ఇక్కడ చెరుకేనా అని అడిగింది. ఎప్పుడూ చెరుకేనన్నాడు.

"మరి ఎలా చూశారండీ?"

ఆమోసు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "చూళ్లేదమ్మా. బావ చెప్పాడు. బావ అబద్ధమాడే మనిషి కాదు."

చెరుకు చుట్టి వెళ్లి పొలమూ, రాయీ చూసింది గానీ, తిరుగుబస్సులో ఆమె మనసు మనసులో లేదు. అడక్కుండా ఉంటే పోయేదేమో అనిపించింది. అయినా సోమవారం మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఉషశ్రీ సొలొమోనును పిలిపించారు. "చూడలేదని తెలిశాక ఆయన్ని బోనెక్కించనండీ. పొలం కొలిపిద్దాం."

సొలొమోను మండిపడ్డాడు. ఈ పిల్ల కేసంతా చెడగొట్టిందని, వేరే లాయరును చూసుకుంటానని లేచాడు. అప్పుడు ఆమోసే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ప్రమాణం చేసి లేనిది చెప్పడం తనవల్ల కాదన్నాడు.

కొలతల కోసం వేసిన పిటిషన్ మీద ఉషశ్రీ ఆస్మానే మాట్లాడమన్నారు. కోర్టులో ఆమె నోరు విప్పడం అదే మొదలు. ఎందుకు కొలవాలని జడ్జిగారు అడిగేసరికి, కళ్లారా చూసిన పొలం గురించే కనుక, తడబడకుండా చెప్పింది. కోర్టు సర్వేయర్‌ను పంపింది. రాయి జరిగిన మాట నిజమే, కానీ సొలొమోను చెప్పినంత దూరం కాదు. ఇరుపక్షాలూ రాజీకొచ్చాయి. ఎవరు జరిపారన్నది మాత్రం ఎప్పటికీ తేలలేదు.

సంతకాలయ్యాక సొలొమోను వరండాలో ఆస్మా దగ్గరికొచ్చాడు.

"మా వియ్యంకుడికి దారి తగాదా ఒకటుందమ్మా. మీరోసారి వచ్చి చూస్తారా?"

ఆ దారి ఏ ఊళ్లో ఉందని అడిగింది ఆస్మా.