బీటీ సారు

ఏమే మహిమా, కాలేజీలో వందమందికి పాఠాలు చెప్పేదానివి, సొంత నాన్న జీవితం ఒక పేజీ రాయమంటే పొద్దుట్నుంచి పెన్ను నములుతున్నావా? ఇలా ఇయ్యి. ఎనిమిదో తరగతి నువ్వు ఒక్కసారే చదివావు, నేను మూడుసార్లు చదివాను. అనుభవం నాకే ఎక్కువ.

రేపు మీ నాన్న జ్ఞాపకార్థం జరిగే ఆదరణ కూడికలో చదివే కాగితం కదా, చూశాను. పొన్నూరు దగ్గర పుట్టారని, ముప్పై ఎనిమిదేళ్ళు ప్రెస్బిటేరియన్ సంఘంలో పాస్టరుగా చేశారని రాశావు. బాగుంది. సోమవారాల గురించి రాయలేదేం? ఆదివారం ఆయన సంఘం మనిషి, సోమవారం సెలవు, మీ మనిషి. మీ అమ్మ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోతే నీకూ మీ అక్క ఆరాధనకూ జడలు వేసింది ఆయనే. ఒక జడ పైకి, ఒకటి కిందికి వచ్చేది. ఒకటి ప్రార్థనకు లేచింది, రెండోది ప్రసంగానికి నిద్రపోయింది అని మీ వెనకాల పాడుకుంటూ వచ్చింది నేనే.

అదంతా సరే. కింద నా గురించి ‘ఆయనకు ఆప్తుడైన బావమరిది జయపాల్’ అని రాశావు చూడు, ఆ ఆప్తుడన్న మాట కొట్టెయ్. ఎందుకో చెప్తాను విను.

రిటైరయ్యాక మీ నాన్న ప్రత్తిపాడు పక్కన మా ఊరికొచ్చి చిన్న ఇల్లు కట్టుకున్నారు. నువ్వప్పటికే ఒంగోలులో కాపురం పెట్టావు, ఇక్కడి సంగతులు నీకు తెలియవు. ఖాళీగా ఉండలేక గురువారం సాయంత్రాలు వరండాలో ప్రార్థన మొదలుపెట్టారు. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు తడిగుడ్డతో తుడిచి వేసేవారు. ఒకదాంట్లో మీ అమ్మ, బుద్ధి పుట్టినప్పుడు ఇంకోదాంట్లో నేను. మిగతావి ఖాళీ. ప్రార్థన అయ్యాక వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి లోపల పెట్టేవారు. పత్తి తీసే రోజులు కదా, జనానికి తీరికుండదనేవారు. పత్తి అయిపోతే మిరపకోతలు కదా అనేవారు.

జనానికి తెలియాలని గేటుకు బోర్డు రాయించారు. పెయింటర్ ఇమాం హుస్సేన్ అక్షరాలు మరీ పెద్దవిగా మొదలుపెట్టి, చోటు చాలక పాస్టర్ అన్న మాట వదిలేశాడు. చివరికి ‘రెవ. జక్రయ్య, ప్రెస్ బిటేరియన్, రిటైర్డ్’ అని మిగిలింది. పత్తి రైతు చెంచురామయ్య అది చదువుకుని టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

“జయపాలూ, మీ బావగారు బీటీలో చేశారా?”

రెవ. అంటే రెవరెండ్ అని తెలియక రెవెన్యూ అనుకున్నాడు. బిటేరియన్ అంటే పురుగును తట్టుకునే బీటీ పత్తి అనుకున్నాడు. ఇంత మంచి అవకాశం వస్తే నా నోరు ఊరుకుంటుందా? ఆ ఏడు గులాబీ పురుగు ఏ కాయనూ వదలడం లేదు. బీటీ విత్తనం ఈ జిల్లాకు వచ్చిందే ఆయన చేతుల మీదుగా అని, పురుగు గుట్టంతా ఆయన దగ్గరే ఉందని, గురువారం సాయంత్రం ఊళ్ళో రైతులందర్నీ తీసుకెళ్ళమని చెప్పాను.

గురువారం వాళ్ళింటికి ఎదురుగా నా ట్రాలీ ఆటో ఆపుకుని తమాషా చూడ్డానికి కూర్చున్నాను. పద్దెనిమిది మంది వచ్చారు, తువ్వాళ్ళలో పుచ్చు కాయలు మూటగట్టుకుని. మీ నాన్న బైబిలు పట్టుకుని వరండాలోకి వచ్చి, వాళ్ళను చూసి ఆగిపోయారు. నేను నవ్వడానికి నోరు తెరిచాను. ఆయన లోపలికి తిరిగి మీ అమ్మను పిలిచారు.

“దేవకుమారీ, కుర్చీలు చాలట్లేదు. ఒకసారొచ్చి చూడు.”

ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నీ పెళ్ళిలో కూడా వినలేదు. తెరిచిన నోరు మూసుకుని, ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాను.

మర్నాడే వెళ్ళి చెప్పేయాల్సింది. వాళ్ళొచ్చింది మీ ప్రార్థనకు కాదు బావా, పురుగు మందుకు అని ఏ మొహంతో చెప్పను? నిజం బయటపడిన రోజు ఆయన ఇక జన్మలో కుర్చీ వేయరనిపించింది. పై గురువారం కూడా జనం వచ్చారని విన్నాను. ఆ పై గురువారం కూడా వచ్చారట. వచ్చేకొద్దీ నా మోసం పెద్దదవుతోందని నాకు భయం. ఆ వీధిలోకి వెళ్ళడం మానేసి వినుకొండ వైపు కిరాయిలు ఒప్పుకున్నాను.

ఆయన ఫోన్లు చేసేవారు. ఒకసారి టైరు పోయిందన్నాను, ఒకసారి లోడుందన్నాను, ఒకసారి జ్వరమన్నాను. అట్లా రెండేళ్ళు గడిచిపోయాయి. పోయిన నెల మళ్ళీ చేశారు.

“ఒరేయ్ జయపాల్, నాతో చెప్పాల్సిందేమైనా ఉందంట్రా?”

“ఏముంటది బావా, ఏం లేదు.”

“సరేలే, ఉన్నప్పుడే రా” అని పెట్టేశారు.

నేను వచ్చేసరికి ఆయన అద్దాల పెట్టెలో ఉన్నారు.

మొన్న సమాధుల తోటలో, మట్టి వేయడం అయ్యాక, చెంచురామయ్య ఒక పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇంక దాచలేక వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాను. మా బావకు బీటీ గురించి ఏమీ తెలియదని, అదంతా నేను ఆడిన నాటకమని, ఆయన్ని తప్పుగా అనుకోవద్దని చెప్పాను. చెంచురామయ్య నా వంక వింతగా చూశాడు.

“మాకు తెలుసుగా జయపాలూ. మొదటి రోజే తెలుసు.”

ఆ గురువారం చెంచురామయ్యే తువ్వాలు విప్పి, ఈ పురుక్కి ఏం కొట్టమంటారు సార్ అని అడిగాడట. మీ నాన్న పురుగును చూసి, వీళ్ళను చూసి, మిమ్మల్ని ఎవరు పంపారని అడిగారట. నా పేరు చెప్పగానే వరండా గట్టు మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారట. నేను పాస్టర్నయ్యా, బీటీ గీటీ ఏం తెలియదని చెప్పి, అందరికీ టీ పెట్టించారట. చిన్నప్పుడు ఆయన దగ్గర సండే స్కూల్లో కూర్చున్న ప్రకాష్ ఇప్పుడు వ్యవసాయ ఆఫీసులో ఉన్నాడుగా, వాడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, పురుగు సంగతి చెప్పించారట. తర్వాత పొలాల కోసం ప్రార్థన చేస్తే, వీళ్ళు భుజాల మీది తువ్వాళ్ళు తీసి నిలబడ్డారట. ఆ మంచితనానికే ప్రతి గురువారం వెళ్ళేవాళ్ళు. నా అబద్ధం వల్ల కాదు.

“మరి నాకెందుకు చెప్పలేదండీ?”

“ఆయనే ఒట్టు వేయించుకున్నారయ్యా. మీ అక్కగారి చేత కూడా వేయించారు. వాడే నవ్వుకుంటా వచ్చి చెప్తాడు, అప్పుడు నేను ఏమీ తెలియనట్టు ఏడవాలి, జన్మకొక్కసారి వాణ్ణి నేను హడలగొట్టాలి అనేవారు. వీధిలో ఆటో చప్పుడైతే చాలు, మొహం దిగాలుగా పెట్టుకునేవారు.” చెంచురామయ్య నా చేతులు వదిలాడు. “రెండేళ్ళు నీ కోసం నవ్వాపుకుని కూర్చున్నారు జయపాలూ.”