ఇరవై రెండు లెక్కపెట్టే లోపు

స్కూటరుకి సైలెన్సర్ మార్పించమని మా ఆయన నాకు చెప్పి ఏడాది దాటింది. నేను పనిచేసే ప్రెస్సు పక్కనే మెకానిక్ షెడ్డు. రోజుకి రెండుసార్లు దాని ముందు నుంచే నడుస్తాను. ఒక్క మాట చెబితే అయిపోయే పని. "చెప్పావా?" అని ఆయన అడగడం, "అయ్యో, మర్చిపోయానండీ" అని నేను నాలిక కరుచుకోవడం, "నీ బుర్ర కూడా ఆ కాగితాల్లోనే మడిచి పెట్టి వస్తున్నట్టున్నావు" అని ఆయన నవ్వడం, ఇదంతా మా ఇంట్లో ఒక సరదా కింద జమ. నాకు మతిమరుపని నేను కూడా నమ్మేశాను. పిల్లల టీకాల తేదీలు, అత్తయ్య మాత్రల పేర్లు, ఆయన చొక్కాల్లో దేనికి బొత్తాం వదులైందో, అన్నీ గుర్తుండే మనిషికి ఆ ఒక్క ముక్కే ఎందుకు గుర్తుండటం లేదో ఒక్కరోజూ ఆలోచించలేదు.

మొన్న మంగళవారం తెలిసింది.

నాది ఫారాలు మడిచే పని. పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చయి వస్తాయి, కొన్ని తలకిందులుగా, కొన్ని వెనకది ముందుగా. దాన్ని మూడు మడతలు వేసి, నున్నటి కొయ్యబద్దతో అంచు గీస్తే అప్పటికి పేజీలు వరసలోకొస్తాయి. డిగ్రీ పాసైనదాన్నని నన్ను ప్రూఫులు చూసే బల్ల దగ్గర కూర్చోబెడతారనుకుని చేరాను. "మీ వేళ్ళు సన్నగా ఉన్నాయమ్మా, మడతలకి పనికొస్తాయి" అన్నాడు మేనేజరు. ఆ బల్ల దగ్గరికి నా తర్వాత చేరిన ఇద్దరు మగవాళ్ళు వెళ్ళారు. నాకు మాత్రం మడతలక్క అని పేరొచ్చింది. తొమ్మిది మంది ఆడవాళ్ళం కింద పట్టాలేసుకుని కూర్చుంటాం. మెట్ల మీద ఓనరు తాళాల గుత్తి చప్పుడైందంటే మా కబుర్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, చేతులు జోరందుకుంటాయి. మిషను దగ్గర మగవాళ్ళు మాత్రం టీ గ్లాసులు కూడా దించరు. "ఏం సార్, ఇవాళ తొందరగా వచ్చారు" అని పలకరిస్తారు. ఇన్నేళ్ళూ అది నాకు వింతగా అనిపించలేదు.

ఆ నెలంతా మేం మడుస్తున్నది పిల్లల కోసం వేసిన మంచి అలవాట్ల పుస్తకం. పళ్ళు తోముకోవడం, వరసలో నిలబడటం, చెత్త బుట్టలో వెయ్యడం. మంగళవారం మధ్యాహ్నం మిషను బెల్టు తెగింది. అచ్చయిన కాగితాలు రెండింటికల్లా అయిపోయాయి. ఇక ఇళ్ళకి పొమ్మన్నారు.

ఆయన ఆ రోజు ఆఫీసు జీపులో పై ఊరు వెళుతూ, సైలెన్సర్ సంగతి నాకే వదిలేసి, బ్రేకులు మాత్రం బాగు చెయ్యమని స్కూటరు షెడ్డులో పెట్టి వెళ్ళాడు. నేను బయటికి వచ్చేసరికి మెకానిక్ చేతులు తుడుచుకుంటున్నాడు.

"బ్రేకులైపోయాయక్కా. సైలెన్సర్ తుప్పు పట్టి ఇంత చిల్లు పడింది. అది కూడా మార్చెయ్యనా?"

"వద్దు, ఇప్పుడొద్దులే" అన్నాను. గబుక్కున అన్నాను, వేడి గిన్నె మీద నుంచి చెయ్యి తీసినట్టు.

"మీ ఇష్టం. సార్ వీధి మలుపు తిరిగేసరికి మీ ఇంట్లో టీ పొయ్యెక్కుతుందనుకుంటా దీని దెబ్బకి" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. నిజంగానే ఎక్కుతుంది.

బండి ఎవరైనా తీసుకెళ్ళేదాకా ఆగకుండా నేనే ఎక్కాను. పధ్నాలుగేళ్ళయింది బండి ముట్టుకుని. పెళ్ళికి ముందు మా నాన్న మోపెడ్‌కి రెండు వైపులా పాలక్యాన్లు తగిలించుకుని, కేంద్రంలో పోసేసి, అటునుంచటే కాలేజీకి పోయేదాన్ని. నా పక్కన కూర్చునే పిల్ల "నీ దగ్గర దూడ వాసనొస్తోందే" అని ముక్కు మూసుకునేది. పెళ్ళయ్యాక ఈయన, "నీకెందుకీ తిప్పలు, నేను దింపుతాగా" అన్నాడు. ప్రేమే. దింపింది మాత్రం మొదటి నెల. ఆ తర్వాత నడక.

మొదటి సందులో కాస్త తడబడ్డాను. రెండో సందుకొచ్చేసరికి భుజాలు వదులయ్యాయి. మా వీధి మలుపు తిరిగేటప్పుడు చెప్పొద్దూ, ఒంటిపూట బడి నుంచి వచ్చేసిన పిల్లలు నన్ను చూసి కేక పెడతారని మురిసిపోతూ తిరిగాను. గేటు ముందు బండి ఆపి, తలెత్తాను. ముందుగది కిటికీ తెరిచే ఉంటుంది. గేటు దగ్గర నిలబడితే గది మొత్తం కనిపిస్తుంది.

టీవీ అప్పుడే ఆరిపోయింది. అత్తయ్య, మా ఆయనని కన్న తల్లి, చాపుకున్న కాళ్ళు గబగబా ముడుచుకుని, మంచం కింద నుంచి బఠాణీల గిన్నె లాక్కుంది. పొద్దున నేను వలిచి పెట్టిన గింజలే అవి. వాటిలో చెయ్యి పెట్టి ఏరుతున్నట్టు కదుపుతోంది. పదకొండేళ్ళ మా పెద్దపిల్ల చాప మీద నుంచి లేచింది. బొమ్మలేసే పుస్తకం పరుపు కిందకి తోసింది, చాప చుట్టింది, గౌను సర్దుకుంది, పరుగు కాదు, పరుగులాంటి నడకతో వంటగదిలోకి పోయింది. కుళాయి విప్పిన చప్పుడు బయటికి వినిపించింది. ఎనిమిదేళ్ళ బుడ్డోడు మాత్రం బోర్లా పడుకుని, కాళ్ళు గాల్లో ఊపుకుంటూ, బంతి గోడకేసి కొడుతూనే ఉన్నాడు.

నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఇంట్లో తిట్లు లేవు. చెయ్యెత్తడం లేదు. మా ఆయన మంచివాడని వీధంతా అంటుంది, నేనూ అంటాను. మరి లోపల ఇప్పుడు జరిగిందేమిటి? నేను రోజూ చేసేదే. కానీ నేను చేస్తున్నప్పుడు అది నాకు కనపడలేదు. బయట నిలబడి, అదే చప్పుడు నేనే చేసి, నా పిల్ల ఒంట్లో చూడాల్సొచ్చింది.

లోపలికెళ్ళాను. అత్తయ్య నన్ను చూసి, "ఓసి, నువ్వా అమ్మాయ్" అని గిన్నె పక్కన పెట్టి మళ్ళీ కాళ్ళు చాపుకుంది. ఊపిరి పీల్చుకుని టీవీ పెట్టుకుంది. నేను వంటగదిలోకి పోయాను. పిల్ల గ్లాసు కడుగుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"గ్లాసు కడుగుతున్నా."

"అది కడిగిన గ్లాసు కదా."

"నువ్వు కూడా కడిగినవే కడుగుతావుగా అమ్మా" అంది. ఎత్తిపొడుపు లేదు దాని గొంతులో. లెక్క ఎలా చేశావంటే చెప్పినట్టు చెప్పింది. "మలుపు దగ్గర చప్పుడు మొదలైతే, నాన్న గుమ్మంలోకి రావడానికి ఇరవై రెండు పడుతుంది. నేను సెలవుల్లో లెక్కపెట్టుకున్నా. పుస్తకం దాచడానికి ఆరు, చాపకి ఐదు, ఇక్కడికి రావడానికి నాలుగు. ఇంకా ఏడు మిగులుతాయి. నువ్వే అమ్మా, చదువుతున్న పత్రిక మడిచి పెట్టేసరికి ఒక్కోసారి ఆలస్యమైపోతావు. నాకు భయమేస్తుంది."

నాకు భయమేస్తుంది అంది. నా గురించి. కుళాయి కట్టేశాను.

నాన్న ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అని అడిగాను. లేదంది. మరెందుకే అంటే తెల్లబోయి చూసింది, అన్నం ఎందుకు తింటారని అడిగినట్టు. ఆడవాళ్ళు లేవాలి కదమ్మా, అంది. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదంది.

అప్పుడు ముందుగది నుంచి బుడ్డోడు అందుకున్నాడు. వాడికి మా మాటలు సరదాగా ఉన్నాయి. "నేను లేవక్కర్లేదుగా. నేను పెద్దయ్యాక ఇంతకంటే పెద్ద చప్పుడు చేసే బండి కొనుక్కుంటా. అప్పుడు మీరందరూ ఇంకా దూరం నుంచే లేస్తారు." బంతి గోడకి కొట్టి పట్టుకున్నాడు. వాడి ముఖంలో దుడుకుతనం లేదు. రైలు డ్రైవరునవుతా అన్నట్టే అన్నాడు.

అత్తయ్య మురిపెంగా నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

నేను వెళ్ళి ఆవిడ మంచం చివర కూలబడ్డాను. కొడుకు చప్పుడుకి మీరెందుకు లేవాలి అత్తయ్యా అని అడిగాను. ఆవిడ టీవీ గొంతు తగ్గించింది. నా కాలంలో బండెక్కడిదే, మీ మామయ్యవి కిర్రు చెప్పులు, అంది. పన్నెండేళ్ళయింది ఆయన పోయి, ఇప్పటికీ వీధిలో ఎవరి చెప్పులు కిర్రుమన్నా నా మోకాళ్ళు నన్నడగకుండానే లేస్తాయి, అంది. నొప్పి మోకాళ్ళు అవి. మందు రాసేది నేనే.

కాపురానికొచ్చిన రెండో నెల ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ప్రెస్సు నుంచి వచ్చి, నడుం విరిగినట్టుంటే గుమ్మంలో చతికిలపడ్డాను. చెప్పులు కూడా విప్పలేదు. అప్పుడే ఈయన వచ్చాడు. "కూర్చునే ఉన్నావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. లోపల నుంచి అత్తయ్య, "కూర్చోక, అదేమన్నా నిలబడే ఉద్యోగమా? అక్కడ కూర్చుని కాగితాలు మడుస్తుంది, ఇక్కడికొచ్చి మళ్ళీ కూర్చుంటుంది" అంది. అంతే. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ రెండు మాటల మీద పధ్నాలుగేళ్ళు నిలబడ్డాను. ఆయన బహుశా ఆ సంగతి ఆ రాత్రికే మర్చిపోయి ఉంటాడు.

ఫారం ఒకసారి తప్పు మడిచి బద్దతో గీశామంటే, విప్పి మళ్ళీ మడిచినా ఆ గీత పోదు. చేతితో ఎంత రుద్దినా చారలాగా ఉండిపోతుంది. నా మీద గీసిన గీత సంగతి సరే. పిల్ల మీద బద్ద పట్టుకుని గీసింది ఎవరు? రోజూ సాయంత్రం, ఒక్క పూట తప్పకుండా, దాని కళ్ళ ముందు లేచింది ఎవరు? బాగా చదువుకో, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు అని దానికి నేను చెప్పని రోజు లేదు. పిల్ల విన్నది ఆ మాటలు కాదు. అది నా మోకాళ్ళని చూసి నేర్చుకుంది. వాడూ అంతే, ఆ మోకాళ్ళనే చూసి ఇంకోటి నేర్చుకున్నాడు.

పిల్ల నా పక్కకొచ్చి నిలబడింది. "అమ్మా, సైలెన్సర్ మార్చేస్తారా? నాన్న మెకానిక్‌కి చెప్పమన్నాడుగా నిన్న కూడా. చప్పుడు లేకపోతే మనకెలా తెలుస్తుంది?"

నాకు మతిమరుపు లేదని అప్పుడు తెలిసింది. ఏడాదిగా ఆ చిల్లుని నేనే కాపాడుకుంటూ వస్తున్నాను. మెకానిక్ అడిగితే వేడి గిన్నె మీద నుంచి చెయ్యి తీసినట్టు వద్దన్నది అందుకు.

ఆయన ఆ రాత్రి ఆలస్యంగా వచ్చి పడుకున్నాడు. బుధవారం పొద్దున బండి నేనే తోలుకుపోయి షెడ్డులో పెట్టాను. "సైలెన్సర్ మార్చెయ్. సాయంత్రం సార్ వచ్చి తీసుకుంటారు" అన్నాను. "ఇన్నాళ్ళకి కుదిరిందన్నమాట అక్కకి" అన్నాడు. ఆ రోజు ఓనరు తాళాలు మెట్ల మీద మోగినప్పుడు మా పట్టాల మీద మాటలు ఆగిపోయాయి, చేతులు జోరందుకున్నాయి. నేను పక్కావిడకి చెబుతున్న మాట చివరిదాకా చెప్పాను.

సాయంత్రం ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, చాప పరిచాను. పిల్లని బొమ్మల పుస్తకం తెచ్చుకోమన్నాను. గోడకి చేరగిలబడి కాళ్ళు చాపాను. చాపితే ఎలా ఉంటుందో మర్చిపోయాను, పిక్కలు కొత్తగా జివ్వుమన్నాయి. పిల్ల బొమ్మ వేస్తోంది కానీ చెవులు వీధిలోనే ఉన్నాయి. ప్రతి బండికీ పెన్సిల్ ఆగుతోంది.

ఆయన చప్పుడే రాలేదు. తలుపు తెరుచుకుంది, మనిషి గుమ్మంలో ఉన్నాడు.

పిల్ల ఒళ్ళు మొత్తం ఎగిరిపడింది. దాని కాలి మీద చెయ్యి వేశాను. చేతి కింద పిక్క రాయిలా బిగుసుకుంది. మంచం మీద అత్తయ్య మోకాళ్ళు లేచాయి. సగం దాకా లేచాయి. మా ఇద్దరినీ చూసింది. మోకాళ్ళు మళ్ళీ కిందకి దించుకుంది. బుడ్డోడు బంతి పట్టుకుని మా అందరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆయన బండి తాళం చేతిలో తిప్పుతూ నవ్వాడు. "ఏంటి, అందరూ కూర్చునే ఉన్నారా?"

"అవునండీ" అన్నాను. "కూర్చునే ఉన్నాం. టీ పొడి డబ్బా పై అరలో ఉంది. నాకూ ఒక గ్లాసు పెట్టండి."

ఆయన నవ్వు అలాగే ఉంది, కానీ కళ్ళు మాత్రం దాన్ని వదిలేసి ఎటో పోయాయి. తాళం తిప్పడం ఆపాడు. నా చెవి దగ్గర చిన్న గుసగుస వినిపించింది. పిల్ల పెదాలు కదుపుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది. నా గుండె కూడా దానితోపాటే లెక్కపెడుతోంది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

ఎవరూ లేవలేదు. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది.

చేతి కింద పిక్క మెల్లగా మెత్తబడింది.

"ఇరవై మూడు" అంది నా కూతురు, పైకే.