కియర్టన్ల పొట్టేలు

గ్రెటా హర్డ్ ఉద్యోగం నిలబడి చూడటం. జేసీబీ నేల తవ్వుతుంటే పక్కనే నిలబడి, ఆ మట్టిలో పాతకాలపు ఆనవాళ్ళేమైనా బయటపడతాయేమోనని చూస్తుంది. ఏదైనా కనిపిస్తే చెయ్యెత్తుతుంది, యంత్రం ఆగుతుంది. కనిపించకపోతే సాయంత్రం బూట్లు కడుక్కుని, "ఏమీ లేదు" అని రాసి ఇంటికి పోతుంది. ఈ లోయల్లో ఎవరు కొట్టం కట్టుకున్నా, మురుగుగొట్టం వేసుకున్నా కౌన్సిల్ వాళ్ళు ముందు ఆవిణ్ణి తోలతారు. చెయ్యెత్తిన రోజులు తక్కువ, ఎత్తి సిగ్గుపడి దించుకున్న రోజులు ఎక్కువ. రోమన్ల బాట అనుకున్నది ఎవరి తాతో వేసుకున్న కాలువగా తేలేది. పూజాస్థలం అనుకున్నది ఎవరో ముసలి కుక్కను పాతిపెట్టిన చోటయ్యేది. అయినా ఆవిడకు ఈ పనంటే ప్రాణం. వానలో తడుస్తూ నేలకేసి చూడటంలో ఏం సుఖముందని అడిగితే చెప్పలేదు గానీ, మానెయ్యమంటే మాత్రం మీదపడి కరుస్తుంది.

ఆ అక్టోబరులో ఆవిడ వంతుకు థిర్జా ఆల్డర్సన్ పొలం వచ్చింది. థిర్జాకు డెబ్భై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు, తండ్రి వదిలివెళ్ళిన గొర్రెల మందనే నమ్ముకుని బతికింది. వచ్చే వసంతంలో గొర్రెలు ఈనేటప్పటికి వాటి నెత్తిన ఒక కప్పు ఉండాలని, పొలం దిగువన కొట్టం కట్టిస్తోంది.

"నిలబడి చూడ్డానికి కూడా చదువుందా, పిల్లా?" అంది మొదటిరోజు పొద్దున్నే. గ్రెటాకు యాభై దాటిన సంగతి ఆవిడ లెక్కలోకి రాలేదు.

"ఉందండీ. కూర్చుని చూడ్డానికైతే ఇంకా పెద్ద చదువు కావాలి."

థిర్జా నవ్వలేదు. కానీ పదింటికి టీ తెచ్చినప్పుడు కేకు ముక్క మీద చీజు ముక్క పెట్టి మరీ తెచ్చింది. ఈ లోయలో అంతకు మించిన మర్యాద లేదు.

జేసీబీ నడిపే డెస్ కూడా గ్రెటాకు పాత నేస్తమే. "ఇవాళ నిధి దొరికితే సగం నాది," అన్నాడు.

"మొత్తం నువ్వే ఉంచుకో. నాకా బురద చాలు."

థిర్జా పొలానికీ కిట్ కియర్టన్ పొలానికీ మధ్య రాయి మీద రాయి పేర్చిన పొడుగాటి గోడ ఉంది. ఆ రెండిళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కిట్‌కు డెబ్భై నాలుగేళ్ళు, తను కూడా ఒంటరివాడే. ఇద్దరూ పుట్టిన దగ్గర్నుంచీ ఇరుగూపొరుగూ అయినా నేరుగా మాట్లాడుకోరు. అవసరమైతే కుక్కలకు చెబుతారు. రెండోరోజు మధ్యాహ్నం జేసీబీ గోడకు దగ్గరగా వెళ్ళేసరికి కిట్ అవతలి పక్క ప్రత్యక్షమయ్యాడు.

"మ్యాగీ," అన్నాడు తన కుక్కతో, "ఆ యంత్రం మన గోడకు తగిలిందంటే ఊరుకోమని చెప్పవే."

"ఫ్లై," అంది థిర్జా తన కుక్కతో, "మన పొలంలో మనం తవ్వుకుంటున్నాం, కళ్ళజోడు పెట్టుకుని చూసుకోమను."

కుక్కలు రెండూ గోడ కంతలోంచి ముక్కులు రాసుకుని ఎవరి దారిన అవి పోయాయి. కిట్ కూడా గొణుక్కుంటూ కొండెక్కాడు.

కాసేపటికి పచ్చిక కింద రాళ్ళగుట్ట ఒకటి తగిలింది. డెస్ పైరాళ్ళు జాగ్రత్తగా తీశాడు. వాటి సందుల్లో వంకీ తిరిగిన కొమ్మొకటి కనిపించింది. గ్రెటా చెయ్యెత్తింది. యంత్రం ఆగాక గుంటలోకి దిగి, తాపీతో మట్టి తొలగించి, కొమ్మును తడిగుడ్డతో తుడిచింది. పొట్టేలు కొమ్ము. దాని మీద వేడి ఇనుముతో కాల్చిన రెండక్షరాలు. బొచ్చు మీద పూసిన రంగు వానకు పోతుంది గానీ కొమ్ము మీద కాల్చిన ముద్ర పోదు. అందుకే ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక ముద్ర.

"పోయిందిరా నా రోమన్ సామ్రాజ్యం," అంది గ్రెటా నవ్వుతూ. "ఎస్. కె. అంట. ఇదేదో నిన్నమొన్నటిది."

వెనక నిలబడ్డ థిర్జా నవ్వలేదు. ఆవిడ మొహం పాలిపోయింది. "డెస్, ఆ మట్టి మళ్ళీ కప్పెయ్యి. కొట్టం పైపక్కన కట్టుకుంటాను."

"ఏమైందండీ?"

"సైమన్ కియర్టన్. ఎస్. కె. అంటే కిట్ వాళ్ళ నాన్న." థిర్జా రాళ్ళ మీద కూలబడింది. తర్వాత మాట ఆగలేదు. "నలభై ఏడులో మంచు పడిందే, ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు. మార్చి దాకా ఈ గోడలు కళ్ళపడలేదు. మంచు కరిగాక కియర్టన్ల పొట్టేలు లేదు. లోయ మొత్తానికి అలాంటి పొట్టేలు ఇంకోటి లేదప్పుడు. ఆ శరదృతువు పొట్టేళ్ళ సంతలో, అంతమందీ చూస్తుండగా, సైమన్ లేచి నిలబడి, 'నా పొట్టేల్ని ఆంథొనీ ఆల్డర్సన్ కోసుకు తిన్నాడు' అన్నాడు. నాన్న తినలేదన్నాడు. అంతే. మళ్ళీ ఆయన ఆ సంత గడప తొక్కలేదు. నేను పోతాను గానీ, ఇప్పటికీ వెనక తలుపు పక్కనే కూర్చుంటాను."

"మీ నాన్న తినలేదన్నారుగా."

"ఆ చలికాలం మా ఇంట్లో మాంసం చారు ఉంది, పిల్లా. లోయంతా ఎండు రొట్టె నములుతుంటే మేం వేడివేడి చారు తాగాం. ఎక్కడిదని నేనడగలేదు. ఆయన పోయేదాకా అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం."

డెస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఏం చెయ్యాలో తోచక.

"నీ పని చూడటం కదా," అంది థిర్జా. "ఒక్క గంట అటు తిరిగి చూడు. అంతే నేనడిగేది."

ఈ ముసలావిడంటే గ్రెటాకు రెండురోజుల్లోనే ఇష్టం పుట్టుకొచ్చింది. అయినా తల అడ్డంగా ఊపింది. "అటు తిరగడానికైతే నేను దేనికండీ? ఆ గొర్రెలే చాలు. నన్ను చూడనివ్వండి."

"చూసేదేముంది? నా పొలం, వాళ్ళ పొట్టేలు, పాతిపెట్టి ఉంది."

"పాతిపెట్టారని నాకింకా తెలీదు."

థిర్జా వినిపించుకోలేదు. లేచి విసవిసా ఇంటివైపు నడిచింది. కాసేపటికి డెస్ ఈల వేశాడు. గ్రెటా తలెత్తి చూసింది. థిర్జా తన మందలోకెల్లా మంచి పొట్టేల్ని, ఈ ఏటి సంతకని ముస్తాబు చేసి పెట్టుకున్నదాన్ని, మెడకు తాడేసి రోడ్డు మీద కిట్ ఇంటికేసి లాక్కుపోతోంది. పొట్టేలు కాళ్ళు తన్నిపెట్టి రానంటోంది, ఆవిడ రావాల్సిందేనంటోంది.

"పొట్టేలుకు పొట్టేలు," అన్నాడు డెస్. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నువ్వు ఆపవా?"

"ఆగే మనిషేనా? నువ్వా పార ఇలా ఇవ్వు."

గ్రెటా మోకాళ్ళ మీద కూర్చుంది. తవ్వుతున్నంతసేపూ భయంగానే ఉంది. ఎముక మీద కత్తిగాటు కనిపిస్తే ఆ మాట కూడా తనే చెప్పాలి. దాచడం ఆవిడకు చేతకాదు. చేతనైతే బాగుండునని మొదటిసారి అనిపించింది. పుర్రె తేలింది, తర్వాత మెడ. ముందుకాళ్ళు రెండూ కడుపు కిందికి ముడుచుకుని ఉన్నాయి, పడుకున్న గొర్రె ముడుచుకున్నట్టే. వెనక్కాళ్ళూ ఉన్నాయి. పక్కటెముకలు ఒకవైపువి మాత్రమే విరిగి ఉన్నాయి, వాటి మీద రాళ్ళున్న వైపు.

ఆ తర్వాత ఆవిడ గొయ్యి అంచు కోసం వెతికింది. మనిషి గొయ్యి తవ్వితే నేల పొరలు తెగుతాయి. మళ్ళీ పూడ్చినా ఆ తెగిన అంచు వెయ్యేళ్ళకైనా చెరగదు. గ్రెటా ఇన్నేళ్ళుగా తిండి తింటున్నది ఆ అంచుల మీదే. ఇక్కడ అంచు లేదు. ఎముకల కింద పాత పచ్చిక నల్లటి చారలా ఎక్కడా తెగకుండా గోడ దాకా సాగింది. నాలుగువైపులా తవ్వి చూసింది. ఎక్కడా తెగలేదు. ఆవిడకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సరిగ్గా అప్పుడే కిట్ పొట్టేల్ని వెనక్కి లాక్కుంటూ పొలంలోకి వచ్చాడు. ఆయన మొహం కందగడ్డలా ఉంది. థిర్జా వంటింటి తలుపు తీసుకుని ఎదురొచ్చింది.

"మ్యాగీ," అన్నాడు కిట్ రొప్పుతూ, "మాటాపలుకూ లేకుండా నా గేటుకు పొట్టేల్ని కట్టిపోతే ఏమనుకోవాలో అడగవే."

"ఫ్లై, మా నాన్న బాకీ తీరిందని చెప్పు."

"కుక్కల్ని కాసేపు వదిలెయ్యండి," అంది గ్రెటా. "ఇద్దరూ ఇటు రండి. ఇది కోసిన పొట్టేలూ కాదు, పాతిపెట్టిన పొట్టేలూ కాదు."

ఇద్దరూ గుంట దగ్గరికి వచ్చారు, ఒకరికొకరు తగలకుండా. గ్రెటా తాపీ మొనతో చూపించింది. "ఇదీ అప్పటి పచ్చిక. దీన్ని ఎవరూ తవ్వలేదు. పొట్టేలు దీని మీదే పడుకుంది, గోడ చాటున. మంచు గాలి మొదలైనప్పుడు థిర్జాగారి ఆడగొర్రెల కోసం గోడ దూకి ఇటు వచ్చుంటుంది. తర్వాత గోడ దాని మీద కూలింది. రాళ్ళు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి చూడండి."

కిట్ కష్టం మీద మోకాళ్ళు వంచి కూర్చున్నాడు. కొమ్మును వేలితో నిమిరాడు. గోడకేసి చూశాడు. గోడలో నిలువుగా పెట్టిన పెద్దరాయి ఒకటుంది, అక్కణ్ణించి పైభాగం ఎవరు చూసుకోవాలో, కిందిభాగం ఎవరు చూసుకోవాలో చెప్పే గుర్తు.

"ఇది మా భాగం," అన్నాడు. ఎవరితోనో తెలీలేదు గానీ కుక్కతో మాత్రం కాదు. "మంచు కరిగాక ఈ గండి నేనూ నాన్నా పూడ్చాం. జారిన రాళ్ళు బురదలో కూరుకుపోయాయి. వదిలెయ్, కొత్త రాళ్ళు తెద్దామన్నాడు నాన్న. వాసనొచ్చింది. అప్పుడు లోయంతా చచ్చిన గొర్రెల వాసనే కదా. నేనీ గుట్ట మీదే నిలబడి రాళ్ళు అందించాను. దీని మీదే."

థిర్జా ఆయన మాట వింటున్నట్టు లేదు. గ్రెటా భుజం పట్టుకుంది. "కోసింది కాదంటావు?"

"ఒక్క కత్తిగాటు లేదు. ఒక్క కాలు తక్కువ లేదు. దీన్ని ఎవరూ తినలేదండీ."

"అయితే ఆ చారు మాదే," అంది థిర్జా. "మా గొర్రెదే. మంచుకు చచ్చిన మా గొర్రెని కోసి పెట్టుంటాడు మాకు. ఆయన్ని నేను నమ్మలేదు, పిల్లా. బయటికెప్పుడూ అనలేదు గానీ, ఒక్కరోజు కూడా పూర్తిగా నమ్మలేదు." ఏడుస్తోంది, తుడుచుకోవడం లేదు. గ్రెటా బురదచేతులతోనే ఆవిణ్ణి పట్టుకుంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఇంత నిలకడ అవసరమా అని గ్రెటాకు కోపమొచ్చింది.

కిట్ లేచి, పొట్టేలు తాడు థిర్జా చేతిలో పెట్టి, గోడ వెంబడి వెళ్ళిపోయాడు.

"తప్పయిందన్న ముక్క కూడా లేదు," అంది గ్రెటా.

"కియర్టన్ల నోట ఆ ముక్క వస్తే ఎవరో పోయారనుకుంటాం," అన్నాడు డెస్.

ఆ రాత్రి గ్రెటా కౌన్సిల్‌కు రాసింది: "ఇటీవలి కాలపు జంతువు ఎముకలు. ప్రాముఖ్యం లేదు." రూలు ప్రకారం అదే రాయాలి. రాసి, తనలో తనే చాలాసేపు నవ్వుకుంది.

తర్వాతి వారం పొట్టేళ్ళ సంత. గ్రెటాకు అక్కడ పనేమీ లేదు, అయినా వెళ్ళి థిర్జా పక్కన వెనక బెంచీ మీద కూర్చుంది. గుండ్రటి బరి చుట్టూ మెట్లమెట్లుగా జనం. కిట్ అందరికంటే ముందు వరసలో, వాళ్ళ నాన్న కూర్చునే చోటే కూర్చున్నాడు. ఆల్డర్సన్ పొట్టేలు బరిలోకి రాగానే వేలం పాడించేవాడు సుత్తి ఎత్తాడు.

"ఆగు," అని కిట్ లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

కొందరు అప్పుడే మొహమొహాలు చూసుకున్నారు. ఆ కథ తెలియని ఇల్లు లోయలో లేదు.

"మా నాన్న ఇక్కడే నిలబడి ఒక మాటన్నాడు," అన్నాడు కిట్. "అది తప్పు. ఆంథొనీ ఆల్డర్సన్ మా పొట్టేల్ని తినలేదు. మా గోడే దాని మీద కూలింది. సరిగ్గా కట్టుకోనిది మేము. ఆయన నిజం చెప్పాడు, మేం వినలేదు. ఇది చెవుల్లో వేసుకుని ఇళ్ళకెళ్ళి చెప్పండి."

బరిలో పొట్టేలు, వేలం ఎందుకు ఆగిందో అర్థంకానట్టు, కాలితో నేల గీరింది.

థిర్జా లేచింది. గ్రెటా ఆవిడ బయటికి పోతోందేమోనని కంగారుపడి మోకాళ్ళు పక్కకు తిప్పి దారిచ్చింది. థిర్జా తలుపువైపు చూడలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగింది. జనం కాళ్ళు ముడుచుకుని దారి వదిలారు. ముందు వరస దాకా వెళ్ళి, కియర్టన్ల బెంచీ దగ్గర ఆగి, కోటు సర్దుకుంది.

"కాస్త జరుగు, కిట్," అంది.

ఆయన జరిగాడు.