వెంకటప్పయ్య గారి పార్సిల్

గుణదల కొండకి వెళ్ళే దారిలో తెరేసమ్మ మందుల షాపు ఉంది. భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. ఆన్‌లైన్లో చవగ్గా వస్తున్నాయని ఎన్నాళ్ళనుంచో కొనేవాళ్ళు కూడా ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎదురింటి వెంకటప్పయ్య గారు మాత్రం వచ్చి చెప్పి మరీ మానేశారు.

"ఏమనుకోకమ్మా. ఇన్సులిన్ నెలనెలా ఇంటికే వచ్చేట్టు, డబ్బు బ్యాంకులోంచి దానంతటదే కట్టయ్యేట్టు ఫోన్లో పెట్టేసుకున్నాను."

"దానికేముంది బాబాయిగారూ," అంది గానీ, చాలాసేపు మనసు మనసులో లేదు.

మొన్న వేసవిలో ఆయన పోయారు. భార్య వెంకటరత్నమ్మ ఇంటికి తాళం వేసుకుని హనుమాన్ జంక్షన్లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాతి నెల డెలివరీ మనిషి షాపు ముందు బండి ఆపాడు. "ఎదురింట్లో ఎవరూ లేరండీ. చల్లగా ఉంచాలంట. కాస్త తీసుకుంటారా?"

పెట్టె మీద వెంకటప్పయ్య గారి పేరు తెరేసమ్మ రెండుసార్లు చదువుకుంది. మందు పాడైపోతుందని ఫ్రిజ్‌లో పెట్టింది.

మరుసటి నెలా వచ్చింది. కంపెనీకి ఫోన్ చేసి మనిషి లేడని చెబితే, ఆయన ఫోన్లోంచే ఆపాలన్నారు. ఫ్రిజ్ తలుపు తీస్తే ఆ పేరే. మధ్యాహ్నాలు వీధి సద్దుమణిగాక ఎదురింటి గేటు తీసిన చప్పుడయ్యేది. తలెత్తి చూస్తే వేసిన తాళం వేసినట్టే ఉండేది. బతికుండగా రావడం మానేసిన మనిషి, పోయాక నెలనెలా వస్తున్నాడు.

ఉండబట్టలేక హనుమాన్ జంక్షన్ బస్సెక్కింది. అంతా విని వెంకటరత్నమ్మ దిండు కింద నుంచి ఆయన ఫోను తీసింది. నిండా ఛార్జింగ్ ఉంది.

"నాకు తెలుసమ్మా. 'వెంకటప్పయ్య గారూ, మీ మందులు బయల్దేరాయి' అని మెసేజ్ వస్తుంది. ఆయన్ని పేరుతో పిలిచేది ఇప్పుడు అదొక్కటే."

"ఆపించేద్దామా పిన్నిగారూ?"

"నావల్ల కావట్లేదు. నువ్వే చెయ్యి."

తెరేసమ్మ ఆపే చోటు దాకా వెళ్ళింది. 'నిజంగా వద్దా, వెంకటప్పయ్య గారూ?' అని ఫోను అడిగింది. ఆయనే ఎదురుగా నిలబడి జవాబు కోసం చూస్తున్నట్టనిపించింది. వెంకటరత్నమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

వేలు ముందుకి పోలేదు. ఫోను ఆవిడ ఒళ్ళో పెట్టేసింది. "ఇంకో నెల చూద్దాం లెండి."

ఆ నెల పెట్టె రానే వచ్చింది.

"ఎవరు తీసుకున్నారని రాసుకోమంటారండీ?" అడిగాడు డెలివరీ మనిషి.

తెరేసమ్మ ఎదురింటి గేటు వైపు చూసింది. "ఆయనకే అందిందని రాసుకోండి," అంది.

లోపలికి వెళ్ళి, ఫ్రిజ్‌లో షాపు సరుకు పక్కకి జరిపి చోటు చేసింది.